పాత స్కోడా కొంటున్నారా? జాబర్ కళ్లతో చూడండి

కొత్త చిన్న కారు ధర కన్నా తక్కువకే పదేళ్లు దాటిన స్కోడా లారా వస్తుందంటే, నాలుగు సాంచాలు నడుపుకునే మనవాళ్లకు ఆశ పుట్టడం సహజమే. ఆ ఆశ తప్పని మేము అనం. సోలాపూర్ నుంచి హైదరాబాద్‌కు 65వ నంబర్ జాతీయ రహదారిపై దాదాపు 300 కిలోమీటర్లు. అక్కడి నుంచి కరీంనగర్‌కో వరంగల్‌కో పెళ్లికి పోవాలంటే ఇంకా దూరం. అంత దారిలో బరువైన బాడీ, కుదురుగా పోయే చక్రాలు ఎంత సుఖమో ఎక్కినవాళ్లకు తెలుసు.

యూరప్ కారు మన ఊరికి కొత్తేమీ కాదు. 1882లో సోలాపూర్‌లో పుట్టిన వాల్‌చంద్ హీరాచంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. ఇటలీ ఫియట్‌ను ముంబైలో తయారు చేసింది ఆ కంపెనీయే. అదే తర్వాత పద్మిని అయ్యింది. దాన్ని చెట్టు కింద మెకానిక్ కూడా విప్పి బిగించేవాడు. ఇప్పటి బండికి ముందు స్కానర్ తగిలించాలి, ఆ తర్వాతే పానా.

అసలు ప్రమాదం గేర్‌బాక్స్‌లో ఉంది. పోలో జీటీ టీఎస్‌ఐ, ఆక్టేవియా 1.8 పెట్రోల్ ఆటోమేటిక్ లాంటి వాటిలో ఏడు గేర్ల డీఎస్‌జీ ఉంటుంది. అందులో రెండు క్లచ్‌లు, రెండూ నూనె లేకుండా పొడిగా పనిచేసేవే. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ పోతే అవి వేడెక్కి అరుగుతాయి. వాటిని నడిపే మెకాట్రానిక్ యూనిట్ పోతే ఖర్చు లక్ష దాటవచ్చు. మొదటి, రెండో గేర్లలో బండి కుదుపుతుందా, రివర్స్ ఆలస్యంగా పడుతుందా చూడండి. లారా డీజిల్ ఆటోమేటిక్‌లోని ఆరు గేర్ల డీఎస్‌జీ నూనెలో మునిగి ఉండే రకం, కాస్త గట్టిది. అయితే 60,000 కిలోమీటర్లకోసారి ఆ నూనె మార్చినట్టు బిల్లు ఉండాలి. మా మాట అడిగితే, మాన్యువల్ గేర్ బండే తీసుకోండి.

తర్వాతది టైమింగ్ బెల్టు. లారా డీజిల్‌లో ఇది రబ్బరు బెల్టు. నడుస్తుండగా తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజిన్ పాడవుతుంది. బండి తక్కువ తిరిగినా ఏళ్లు గడిస్తే రబ్బరు పాతబడుతుంది. బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్క వేసుకుని, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. 2015 డిసెంబర్‌లో ఫోక్స్‌వాగన్ పొగ పరీక్షల వ్యవహారంలో మన దేశంలో 3 లక్షలకు పైగా డీజిల్ బండ్లను వెనక్కి పిలిచింది. మీరు చూస్తున్నది వాటిలోదైతే ఆ పని జరిగిందో లేదో అడగండి.

ఫియట్ పుంటో, లీనియా సంగతి కొంచెం వేరు. కంపెనీ అమ్మకాలు ఆపేసినా, వాటి 1.3 డీజిల్ ఇంజిన్ మారుతి స్విఫ్ట్‌లో ఉన్నదే. ఇంజిన్ పని తెలిసిన మెకానిక్ దొరుకుతాడు. డోర్ హ్యాండిల్, హెడ్‌లైట్ కోసమే తిరగాలి.

సెకండ్ హ్యాండ్ సాంచా కొనేటప్పుడు మనం రంగు చూడం. జాబర్‌ను వెంటబెట్టుకుని పోతాం, నడిపించి చప్పుడు వింటాం. కారు దగ్గరకొచ్చేసరికి సన్‌రూఫ్ చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తాం! ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. అమ్మేవాడు ముందే వేడి చేసి పెట్టాడంటే ఏదో దాస్తున్నాడేమో అనుకోవాల్సిందే.

కొన్న ధరలో కనీసం మూడో వంతు మొదటి ఏడాది రిపేర్లకు పక్కన పెట్టుకోవాలని మా లెక్క. ఆ డబ్బు నూలు కొనే డబ్బులోంచి తీయాల్సి వస్తే ఈ బేరం వద్దు. పుణె నుంచి భాగం వచ్చేదాకా కారు నిలబడినా ఫర్వాలేదు, నూలు లేక సాంచాలు ఆగితే వారం కూలి ఎక్కడి నుంచి ఇస్తాం?

కాగితాల్లో రెండు చూడాలి. హైదరాబాద్ బంధువుల దగ్గర చవకగా వచ్చిందని తెస్తే అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి రోడ్ ట్యాక్స్ కలిపి లెక్కేయండి. 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ పరీక్ష, రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, పర్యావరణ పన్ను దానికి అదనం. పద్నాలుగేళ్ల బండిని బేరమాడేటప్పుడు ఈ ఖర్చు అమ్మేవాడి ముందే తీసి పెట్టండి.