ఊళ్ళో మొదలయ్యే ఆట

కాయితం, పెన్సిలు, నోటిమాటతో ఆడే ఆట ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. 1974లో అమెరికాలో వచ్చింది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళవి తలా ఒక పాత్ర. పని అవుతుందో కాదో తేలనప్పుడు పాచిక వేస్తారు.

దీనికోసం గ్యారీ గైగాక్స్ 1979లో ‘హామ్లెట్’ అనే ఊరిని రాశాడు (షేక్స్పియర్ నాటకం కాదండోయ్!). సత్రం, మిల్లు, కమ్మరి కొలిమి అన్నీ ఉంటాయి. అంగడి నడిపే ఇద్దరు వ్యాపారులు మాత్రం శత్రువుల వేగులు! అది కథ నడిపేవారికే తెలుసు.

మొన్న మా గదిలో నేను నడిపినప్పుడు ఆత్రంకొద్దీ వేగులెవరో ముందే చెప్పేశాను. ఇంకేముంది, ఆట చచ్చింది. ఆడేవాళ్ళని ముందు ఊళ్ళో తిరగనివ్వాలి. సరుకులు కొననీ, సత్రంలో కబుర్లు విననీ. వేగులకే తమ దారి చెప్పేస్తే? చెప్పనివ్వండి, పాడుకోట దగ్గర శత్రువులు కాచుకుని ఉంటారు.

ఇరవై ముఖాల పాచిక మనకి లేదు. 1 నుంచి 20 దాకా చీటీలు రాసి, స్టీలు గ్లాసులో వేసి తీశాం.