కాలేయానికి పండ్ల రసం కవచమవుతుందా?

దానిమ్మ రసమో, ఉసిరి రసమో రోజూ పరగడుపున తాగితే కాలేయంలోని విషాలన్నీ కడుక్కుపోతాయన్న సందేశం మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. కింద 'పరిశోధనల్లో రుజువైంది' అన్న ముక్క కూడా ఉంటుంది. నిజానికి అలాంటి పరిశోధనలు చాలానే జరిగాయి. ఎవరి మీద చేశారు, ఎలా చేశారన్నది మాత్రం సందేశంలో కనిపించదు. కిటుకంతా అక్కడే ఉంది.

ఈ ప్రయోగాల్లో తరచూ వాడేది కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే ద్రావకం. ఒకప్పుడు డ్రైక్లీనింగులో, మంటలార్పే పరికరాల్లో వాడేవారు. ఇది ఒంట్లోకి వెళ్లాక కాలేయంలోని ఎంజైములు దీన్ని విడగొడతాయి. ఆ క్రమంలో పుట్టే ఫ్రీరాడికల్స్ కణాల పైపొరలోని కొవ్వును దెబ్బతీస్తాయి. కుంపట్లో ఒక బొగ్గు నుంచి పక్క బొగ్గుకు నిప్పు అంటుకున్నట్టు, ఒక అణువు నుంచి మరో అణువుకు ఈ నష్టం పాకిపోతుంది. కణాలు దెబ్బతిని లోపలి ఎంజైములు రక్తంలోకి వచ్చేస్తాయి. మీ రక్తపరీక్ష కాగితంలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అని ఉండేవి ఇవే. యాంటీఆక్సిడెంట్లు ఈ గొలుసును మధ్యలో తెంపగలవు. అందుకే దానిమ్మ, ఉసిరి వంటివి ఇచ్చిన ఎలుకల్లో ఈ అంకెలు అంతగా పెరగలేదని తేలింది.

అయితే ఈ ప్రయోగాల్లో ఎక్కువగా రసం ముందు ఇస్తారు, విషం తర్వాత ఇస్తారు. ఫలానా రోజు కాలేయానికి దెబ్బ తగలబోతోందని మనకెవరికీ ముందుగా తెలియదు కదా! పైగా ఎలుకకు దాని బరువును బట్టి లెక్కగట్టి, చాలాసార్లు గాఢసారం రూపంలో ఇస్తారు. మనుషుల్లో మరో చిక్కూ ఉంది. దానిమ్మలోని ముఖ్యమైన పాలీఫెనాల్స్ ఒంటికి పట్టాలంటే ముందు పేగుల్లోని బ్యాక్టీరియా వాటిని మార్చాలి. ఆ పని చేసే బ్యాక్టీరియా అందరి పేగుల్లోనూ ఒకేలా ఉండదు.

మందుల డబ్బాలోనే ఉంది

కాలేయాన్ని దెబ్బతీసే రసాయనం అనగానే ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. మన ఇళ్లలో ముందు చూసుకోవాల్సింది పారాసిటమాల్‌ను. మోతాదులో వాడితే ఇది మంచి మందే, భయపడాల్సిన పని లేదు. దీన్ని విడగొట్టేటప్పుడు కాలేయంలో కొద్దిగా విషపదార్థం తయారవుతుంది. దాన్ని గ్లుటాథయాన్ అనే యాంటీఆక్సిడెంట్ అప్పటికప్పుడు విరిచేస్తుంది. దీన్ని కాలేయమే తయారుచేసుకుంటుంది. మోతాదు మించితే ఈ నిల్వ ఖాళీ అవుతుంది. రోజూ మద్యం తాగేవారికి, రోజుల తరబడి సరిగా తినకుండా జ్వరంతో ఉన్నవారికి ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది.

పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. 650 మాత్రలు ఆరు వేసుకుంటే 3.9 గ్రాములు! వాటికి తోడు జలుబు మాత్ర, ఒళ్లునొప్పుల మాత్ర పడ్డాయంటే గీత దాటినట్టే. ఎందుకంటే చాలా జలుబు, నొప్పి మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది. పేరు వేరు, మందు ఒకటే. బక్కగా ఉన్నవారికి, మద్యం అలవాటున్నవారికి, కాలేయ జబ్బున్నవారికి ఈ పరిమితి ఇంకా తక్కువ. ఎంతో డాక్టరునే అడగండి.

పిల్లల సిరప్‌లో పొరపాటు ఇంకా తేలిక. ఒక్కో మోతాదులో కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు. కొన్ని సీసాల్లో 5 మి.లీ.కు 125 ఉంటే, మరికొన్నింటిలో 250 ఉంటుంది. చుక్కల మందు ఇంకా గాఢంగా ఉంటుంది. చుక్కల మందును సిరప్ అనుకుని చెంచాతో పోస్తే ఎంత తేడా వస్తుందో మీరే ఆలోచించండి. అమ్మ ఒకసారి, నానమ్మ ఒకసారి పోసే ఇళ్లలో వేసిన టైము, మోతాదు రాసిన కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంచుకోవటం మేలు.

మోతాదు మించిందని తెలిస్తే బిడ్డ హుషారుగా ఉందని ఊరుకోకండి. మొదటి రోజు వాంతులు, వికారం తప్ప ఏమీ ఉండకపోవచ్చు. ఒక్కోసారి అవీ ఉండవు. రెండు, మూడు రోజులకు కుడి డొక్కలో నొప్పి, కామెర్లు బయటపడేసరికి కాలేయం బాగా దెబ్బతినిపోతుంది. దీనికి విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్. గ్లుటాథయాన్‌ను తిరిగి తయారుచేసుకోవటానికి కావాల్సిన ముడిసరుకును ఇది కాలేయానికి అందిస్తుంది. యాంటీఆక్సిడెంట్ చికిత్స అంటే నిజంగా ఇదీ! కానీ దీన్ని ఆసుపత్రిలో రక్తపరీక్ష చూస్తూ ఇవ్వాలి. 8 గంటల లోపు మొదలుపెడితే ఫలితం చాలా బాగుంటుంది. ఆ సమయం దాటినా వెళ్లాల్సిందే. గ్లాసుడు దానిమ్మ రసం తాగించి 'తెల్లారాక చూద్దాం' అనుకుంటే పోయేది ఈ 8 గంటలే.

ఎలుకల మందు పేస్టు విషయమూ ఇంతే. కొన్ని పేస్టుల్లో ఉండే పసుపు భాస్వరం కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుంది. ఇందులోనూ ఒకటి రెండు రోజులు మామూలుగా కనిపించే దశ ఉంటుంది. పసివాళ్ల మూతికి అంటినట్టు అనుమానం వచ్చినా రసాలు, పాలు పట్టొద్దు. వాంతి చేయించాలనీ చూడొద్దు. ఆ ట్యూబు చేతపట్టుకుని, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి.

మరి రసం తాగొచ్చా?

ఒక గ్లాసు బత్తాయి రసానికి మూడు, నాలుగు కాయలు పిండుతాం. తినమంటే అన్ని తినగలమా? పిండేటప్పుడు పీచు చెత్తబుట్టలోకి, చక్కెర గ్లాసులోకి పోతుంది. ఇందులోని ఫ్రక్టోజ్‌లో చాలా భాగం కాలేయానికే చేరుతుంది. అదేపనిగా ఎక్కువైతే అక్కడ కొవ్వుగా మారుతుంది. ఫ్యాటీలివర్ ఉందని తెలిసి రోజూ రెండు గ్లాసులు తాగుతున్నారంటే మందనుకుని జబ్బుకు మేత వేస్తున్నట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పండ్ల రసంలోని చక్కెరను కూడా తగ్గించాల్సిన చక్కెర లెక్కలోనే వేస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలూ రసం కన్నా పండు తినమనే చెబుతున్నాయి. గుజ్జుకు నీళ్లు కలిపి చేసిన ప్యాకెట్ రసాలపై '100% పండ్ల రసం' అని రాయొద్దని ఆహార భద్రత సంస్థ కూడా 2024 జూన్‌లో ఆదేశించింది. ఇక 'డీటాక్స్' అన్న మాట సీసా మీద కనిపిస్తే పెరిగేది ధరే.

కాబట్టి దానిమ్మ గింజలు గిన్నెలో వేసుకుని తినండి. ఉసిరికాయ ముక్కను పప్పులోనో, పచ్చడిలోనో వేసుకోండి. జామకాయ కొరుక్కు తినండి. ఎప్పుడో చిన్న గ్లాసు రసం తాగితే ఆరోగ్యంగా ఉన్నవారికి వచ్చే నష్టమేమీ లేదు.

సహజమైనవే కదా అని గాఢసారాల మాత్రలు, కషాయాలు సొంతంగా మొదలుపెట్టటం మాత్రం వేరే సంగతి. గ్రీన్ టీ గాఢసారం మాత్రలతో కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు నమోదైంది. కొవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయ సమస్యలు చూశామని ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. వాళ్లు వాడింది అసలు తిప్పతీగేనా అని ఆయుష్ శాఖ ప్రశ్నించింది. ఆ వాదన ఎలా ఉన్నా, క్షయ మందులు వాడుతున్నవారు ఇలాంటివేవైనా తీసుకుంటుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ మందులే కొందరిలో కాలేయాన్ని దెబ్బతీస్తాయి. కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ వేసుకునేవారు గ్రేప్‌ఫ్రూట్ రసం విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఇది మనం తినే ద్రాక్ష కాదు, పంపర పనసకు దగ్గరి చుట్టం. దీని రసం ఆ మందు రక్తంలో ఎక్కువయ్యేలా చేస్తుంది.