ట్యాప్ కట్టేస్తే పైపులో ఏం జరుగుతుంది?



తొమ్మిదో తరగతిలో ప్రెషర్ పాఠం మొదలుపెట్టే రోజు నేను పిల్లల్ని ఒక ప్రశ్న అడుగుతాను. "పైపులో ప్రెషర్ ట్యాప్ తిప్పినప్పుడు ఎక్కువా, కట్టేసినప్పుడు ఎక్కువా?" ఎక్కువ చేతులు మొదటిదానికే లేస్తాయి. నీళ్లు జోరుగా వస్తున్నాయంటే ప్రెషర్ ఉన్నట్టే కదా సార్, అంటారు. ఇవాళ రాత్రి భోజనాల దగ్గర మీరూ అడిగి చూడండి. పెద్దవాళ్లలోనూ చాలామంది అదే జవాబు చెబుతారు.

కట్టేసినప్పుడే ఎక్కువ. మీ మేడ మీది ట్యాంకులో నీటిమట్టం ట్యాప్ కంటే 10 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. ఆ నీటి బరువు వల్ల ట్యాప్ దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు కిలో ఒత్తిడి పడుతుంది. ట్యాప్ తిప్పగానే అందులో కొంత పైపు గోడల రాపిడికి పోతుంది, కొంత నీటిని కదిలించడానికి ఖర్చవుతుంది. కట్టేస్తే ఖర్చు లేదు, మొత్తం అక్కడే నిలిచి ఉంటుంది. ప్రవాహం సున్నా అయితే లోపల ఏమీ జరగడం లేదని అనుకుంటాం. నిజానికి అటూ ఇటూ బలాలు సరిసమానమై ఆగి ఉంటాయి, అంతే. పిల్లలకు ఈ ఒక్క ముక్క పట్టుబడితే తర్వాతి పాఠాలు సగం తేలికవుతాయి.

ఇప్పుడు సంప్ నుంచి ట్యాంకుకు నీళ్లు ఎక్కించే మోటార్ సంగతి చూద్దాం. పైన వాల్వ్ మూసి ఉందని గమనించకుండా ఎవరో స్విచ్ వేశారు. పంపు లోపలి చక్రం తిరుగుతూనే ఉంటుంది కానీ నీరు ఎక్కడికీ పోదు. కరెంటు ఇచ్చిన శక్తి మాత్రం ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా! అది వేడిగా మారుతుంది. మాదిరిగా ఒక లెక్క వేద్దాం: పంపులో 2 లీటర్ల నీరు చిక్కుకుంది, అర హార్స్‌పవర్, అంటే సుమారు 370 వాట్లు, ఆ నీటిలోకే పోతోంది. 2 లీటర్ల నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 8,400 జౌళ్లు కావాలి. అంటే 23 సెకన్లకు ఒక డిగ్రీ. 30 డిగ్రీల నీరు 90కి చేరడానికి అరగంట కూడా పట్టదు. బయటికి కొంత వేడి పోతుంది కాబట్టి నిజంలో ఇంకాస్త ఆలస్యం కావచ్చు, కానీ సీల్ పాడవడానికి అది చాలు. పెద్ద ఫ్యాక్టరీల్లో రెండు వైపులా వాల్వులు మూసి ఉండగా నడిచిన పంపులు పేలిన సందర్భాలున్నాయి. అందుకే అక్కడ బయటికి దారి మూసుకుపోయినా కొంత ద్రవం వెనక్కి తిరిగి వెళ్లేలా ఒక చిన్న పైపు పెడతారు.

మున్సిపల్ పైపులో ప్రమాదం దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. మన ఊళ్లలో చాలాచోట్ల నీళ్లు రోజుకు ఒక గంటో, రోజు విడిచి రోజో వస్తాయి. నీళ్లు వచ్చే వేళ పైపులో ప్రెషర్ ఉంటుంది కాబట్టి ఎక్కడైనా పగులుంటే నీరు బయటికి కారుతుంది. వీధిలో చూసి తిట్టుకుంటాం కానీ, ఆ కారడం వల్ల బయటి మురికి లోపలికి రాదు. సరఫరా ఆగాక లోపలి ప్రెషర్ పడిపోతుంది. పక్కనే మురుగు కాలువ ఉంటే అదే పగులు గుండా మురుగు లోపలికి చేరుతుంది. కుళాయి లైనుకు నేరుగా మోటార్ బిగించి లాగితే ఇంకా ఘోరం, మన ఇంటివాళ్లమే కాక వీధి మొత్తానికీ మురికిని పీల్చి తెచ్చినట్టవుతుంది. నీళ్లు వదిలిన మొదటి కొద్ది నిమిషాలు వచ్చేదాన్ని తాగడానికి పట్టుకోకండి, బాత్‌రూమ్ కడగడానికి వాడుకోండి. మోటార్ కావాలంటే లైను నుంచి నీటిని ముందు సంప్‌లో పడనిచ్చి, సంప్ నుంచి లాగండి.

కదలని నీటితో ఇంకో చిక్కుంది. నీటిలో కలిపిన క్లోరిన్ నిలవ ఉన్నకొద్దీ తగ్గిపోతుంది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని మన దేశ ప్రమాణం. వేసవి సెలవులకు ఊరెళ్లి వస్తే, ఇంట్లోకి రాగానే కుళాయిలన్నీ కాసేపు వదలండి.

నిలిచిపోయిన ద్రవం ఎంత పని చేయగలదో విశాఖపట్నం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్లోకి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. పెద్ద పేలుడేమీ లేదు. లాక్‌డౌన్‌లో ఉత్పత్తి ఆగి ఒక ట్యాంకులో 1,800 టన్నులకు పైగా స్టైరీన్ నిలవ ఉండిపోయింది.

స్టైరీన్ కుదురుగా ఉండే పదార్థం కాదు. దాని అణువులు ఒకదానికొకటి గొలుసులా అతుక్కుంటూ ప్లాస్టిక్‌గా మారతాయి, అలా అతుక్కున్నప్పుడల్లా వేడి పుడుతుంది. వేడెక్కితే ఇంకా వేగంగా అతుక్కుంటాయి. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, అతుక్కోకుండా ఆపే టీబీసీ అనే మందు కలపాలి, ద్రవాన్ని తిప్పుతూ చల్లబరిచే యంత్రం గుండా పంపాలి. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ చూస్తే, టీబీసీ చాలినంత లేదు. చల్లబరిచే యంత్రాన్ని 24 గంటలూ నడపలేదు. పైపుల అమరికలో అంతకు ముందు చేసిన మార్పు వల్ల ద్రవం పైకీ కిందికీ సరిగా కలవలేదు. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది.

ఆ చివరి విషయం పిల్లలకు గీజర్‌తో చెప్పండి. వేడి నీరు తేలికై పైకి చేరుతుంది, చల్లనిది అడుగున ఉండిపోతుంది. గీజర్ తయారుచేసేవాళ్లు వేడి నీరు తీసుకునే గొట్టాన్ని పైభాగం దాకా పెట్టేది అందుకే. వెంకటాపురం ట్యాంకులోనూ అదే జరిగింది. అడుగున మీటరు చల్లగానే చూపిస్తోంది, పైన ద్రవం మరిగే దారిలో ఉంది. తిప్పుతూ ఉంటే అంతా కలిసి ఒకే ఉష్ణోగ్రత ఉండేది, మీటరు ఎక్కడున్నా నిజం చెప్పేది.

ఇక్కడ ఒక మాట. కౌన్సెలింగ్‌లో కెమికల్ ఇంజనీరింగ్ అనగానే కెమిస్ట్రీ బట్టీ పట్టాలేమో అని వెనక్కి తగ్గే పిల్లల్ని నేను ఏటా చూస్తాను. ఆ బ్రాంచిలో పెద్ద భాగం ఇదే: ఏది ఎటు పారుతోంది, ఎంత వేడి ఎక్కడికి పోతోంది, ఆగిపోతే ఏమవుతుంది. ఫిజిక్స్ ఇష్టమున్న పిల్లలు ఒకసారి ఆ సిలబస్ తెరిచి చూడాలి.

చివరగా పిల్లలకు ఒక ఇంటిపని. సీలింగ్ ఫ్యాన్ అంత వేగంగా తిరుగుతుంది కదా, దాని రెక్కల మీద దుమ్ము ఎలా నిలుస్తుంది? ఆదివారం ఫ్యాన్ తుడిచేటప్పుడు అడగండి. వెంటనే చెప్పేయకండి, ఒకరోజు ఆలోచించనివ్వండి. రెక్కను ఆనుకుని ఉన్న పలచటి గాలి పొర రెక్కతోపాటే తిరుగుతుంది. రెక్క మీద కూర్చున్న సన్నని దుమ్ముకు గాలి దాదాపు కదలనట్టే ఉంటుంది.