తోడేళ్లు లేని తోడేళ్ల దిబ్బ

మహాబలేశ్వరం దగ్గర సహ్యాద్రి కొండల్లో పుట్టిన కృష్ణానది సుమారు 1400 కిలోమీటర్లు ప్రయాణం చేసి బంగాళాఖాతంలో కలుస్తుంది. విజయవాడ వరకూ దానికి అక్కడక్కడా కొండలు తోడుంటాయి. విజయవాడ దాటగానే ఆ తోడు పోతుంది. ఇక ముందున్నదంతా చాప పరిచినట్టుండే చదును నేల. అక్కడ నదికి తొందర తగ్గుతుంది. దూరం నడిచి వచ్చిన మనిషి నెత్తిమీది మూట దించుకున్నట్టు, నది కూడా తాను మోసుకొచ్చిన ఇసుకనూ, ఒండ్రునూ దారి పొడుగునా దించుకుంటూ పోతుంది.

అలా దించిన చోట నదిమధ్యన పైకి తేలిన నేలనే మనవాళ్లు లంక అంటారు. రావణాసురుడి లంకకూ వీటికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. చుట్టూ నీరుండి మధ్యన నేల ఉంటే చాలు, అది లంకే.

విజయవాడకు దిగువన, ఉయ్యూరుకు సమీపంలో, నదికి ఎడమ ఒడ్డున తోట్లవల్లూరు అనే ఊరున్నది. వరద ఊళ్లమీదికి రాకుండా నది వెంబడి పొడుగునా పోసిన మట్టికట్టను కరకట్ట అంటారు. వేసవిలో ఆ కరకట్ట ఎక్కి నదివైపు చూస్తే, మొదట కనిపించేది నీళ్లు కాదు. పసుపు చేలు, అరటితోటలు, కంద, చెరకు, వాటి నడుమ ఇసుక దారులు! వాటి మధ్యనే ఎక్కడో ఒక పాయ మెరుస్తూ ఉంటుంది. ఆ పాయ దాటితే మళ్లీ లంక, మళ్లీ పాయ.

ఈ లంకల పేర్లు వినండి: పాముల లంక, పొట్టిదిబ్బ లంక, తుమ్మలపచ్చిక లంక, తోడేళ్లదిబ్బ లంక. ఇవి కథలోని పేర్లు కావు. నేటికీ మనుషులు కాపురముంటున్న ఊళ్లు. తోడేళ్లదిబ్బకు ఉత్తరం వ్రాస్తే తపాలా బంట్రోతు అందజేస్తాడు. అయితే తోడేలు మాత్రం అక్కడ లేదు. దాన్ని చూడాలంటే జనసంచారం తక్కువగా ఉండే మెట్టసీమలకు పోవాలి. పేరు నిలిచింది, పేరిచ్చిన జంతువు వెళ్లిపోయింది.

ఇలాంటి సంగతి మన దగ్గరే జరిగిందనుకోకండి. ఇంగ్లండులో 'మూర్' అనే నేలలున్నవి. పొలానికి పనికిరాని, చెట్లు అంతగా లేని ఎత్తయిన బీళ్లు. వాటిలో డార్ట్‌మూర్ అనేది పేరు పొందినది. 1951లో దాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. అక్కడ రాతి గుట్టలూ, ఊదారంగు పువ్వులు పూసే పొదలూ, కాలు పెడితే దిగబడే తడినేలలూ ఉంటాయి. పొట్టిజాతి గుర్రాలు అడవి గుర్రాల్లాగా తిరుగుతుంటాయి గాని, నిజానికి వాటికి యజమానులున్నారు. ఏటా శరత్కాలంలో రైతులు వాటిని తోలుకొచ్చి ఎవరివి వారు గుర్తు పట్టుకుంటారు. ఆ దేశంలో చివరి తోడేళ్లు నశించి 500 ఏళ్లయిందని అంటారు. కాని తోడేలు పేరు కలిసిన ఊళ్లు అక్కడ నేటికీ ఉన్నవి! ఒకటి రాతి బీడు, ఒకటి ఇసుక దిబ్బ. అయినా రెండు చోట్లా మనిషి పలుగూ పారా పట్టక ముందు ఎవరి రాజ్యం సాగిందో ఊరిపేరే చెబుతున్నది.

లంక ఎలా పుడుతుందో చూద్దాం. వరద తీసినప్పుడు నది నడుమ ఒక ఇసుక తిప్ప తేలుతుంది. దానిమీద మొట్టమొదట కాలుపెట్టేది రెల్లుగడ్డి. వానలు వెనుకబట్టాక, తెల్లని కుచ్చులతో నది ఒడ్డంతా వెండిలాగా మెరిపించేది ఇదే. అందానికే కాదు, పనికి కూడా ఇది గట్టిది. దీని వేళ్లు లోతుకు దిగి, ఇసుకను జారకుండా పట్టుకుంటాయి. మరుసటి ఏడు వరద వచ్చినప్పుడు ఆ గడ్డిదుబ్బులకు తగిలి నీటి వడి తగ్గుతుంది. వడి తగ్గగానే నీటిలోని మెత్తని ఒండ్రు అక్కడే దిగిపోతుంది. ఇలా ఏటేటా ఒక పొర. తిప్ప కాస్తా దిబ్బ అవుతుంది. ఆ తరువాత తుమ్మలు మొలుస్తాయి, పశువులు మేతకు వస్తాయి. చివరికి నాగలి వస్తుంది.

ఇప్పుడు ఆ పేర్లు మళ్లీ చదవండి. పొట్టిదిబ్బ, తుమ్మలపచ్చిక! లంక బాల్యమూ, యవ్వనమూ ఆ రెండు మాటల్లో కనబడటం లేదూ? ఆ పేర్లు పెట్టినవారు ఎవరోగాని, చూసినదాన్ని చూసినట్టే పలికారని నాకు తోస్తుంది.

కొత్తగా తేలిన తిప్పలమీద మనిషి కన్న ముందు పిట్టలు చేరతాయి. తీతువు సంగతి చూడండి. అది గూడు కట్టదు. ఇసుకలోనో, గులకరాళ్లలోనో చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. గుడ్లమీద మచ్చలుంటాయి కనుక అవి రాళ్లలో కలిసిపోయి, కాలికింద పడేదాకా కనిపించవు. ఎవరైనా దగ్గరికి వస్తే తీతువు పైకి లేచి చుట్టూ తిరుగుతూ గోలగోలగా అరుస్తుంది. తీతువు కూత అపశకునమని మన పెద్దలు కొందరు అంటారు. పాపం, అది తన గుడ్లకోసం పడే ఆరాటం! మనం వస్తున్నామని దానికే అపశకునం.

పాయమీదికి వంగిన తుమ్మకొమ్మల చివర గిజిగాడు గూళ్లు వ్రేలాడుతాయి. కింద నీళ్లు, చుట్టూ ముళ్లు. పాము రావాలన్నా కష్టమే. గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లి ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి చూసి, నచ్చితే ఉంటుంది. లేకుంటే మగపిట్ట ఇంకొకటి మొదలుపెట్టవలసిందే. నీటిపైన గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, రాయిలాగా చేపమీద పడే నలుపు తెలుపుల లకుముకిపిట్టను కూడా ఇక్కడ చూడవచ్చు.

ఇక పాముల లంక. పేరు విని భయపడకండి, అక్కడి పిల్లలు బడికి పోతూనే ఉన్నారు. అయితే వరదకూ పాముకూ సంబంధం ఉన్న మాట నిజం. పొలం మునిగితే ఎలుకలు బొరియలు వదిలి గట్లమీదికి వస్తాయి. ఎలుక వెంట పాము వస్తుంది. ఆ గట్టుమీదే మనిషీ నడుస్తాడు. 2018లో దిగువన దివిసీమలో పాముకాట్లు ఎక్కువై జనం హడలిపోయారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి - ఈ మూడింటి కాటుకూ ఒకే సూదిమందు పనిచేస్తుంది. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తంలో పుట్టిన విరుగుడునుంచి ఆ మందు తయారుచేస్తారు. కరిచిన చోట కోయడం, పీల్చడం, మంత్రం వేయించడం - వీటితో పోయేది కాలమే. చేయవలసింది కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవడం. ఇంటికి పోయి అమ్మతోనూ నాన్నతోనూ ఈ ఒక్క ముక్క చెప్పండి.

వరద అన్నాను గదా! లంకవాళ్లకు వరద ఒక చేత్తో ఇస్తుంది, ఒక చేత్తో తీసుకుంటుంది. 2024 సెప్టెంబరు 2వ తేదీన, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ 70 తలుపులూ ఎత్తి 11 లక్షల 43 వేల ఘనపుటడుగుల నీటిని వదిలారు. అది సెకనుకు లెక్క. ఘనపుటడుగంటే 28 లీటర్ల పైమాట. బిందె పదిహేను లీటర్లది అనుకుంటే, మీరు 'ఒకటి' అనేలోగా ఇరవై లక్షల బిందెలకు పైగా! బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ రాలేదు. 2009 అక్టోబరులో వచ్చినది కూడా దీనికి కొద్దిగా తక్కువే. లంకల్లో పసుపు, కంద, అరటి మునిగినవి. జనం పడవలమీద కరకట్టకు చేరారు. నీరు తీశాక చూస్తే, ఒకరి పొలంమీద మెత్తని ఒండ్రు పేరుకుంటుంది. ఇంకొకరి పొలంమీద అడుగులకొద్దీ ఇసుక మేట వేస్తుంది. మరొకరికి పొలమే ఉండదు. నది కోసుకుపోయి ఎక్కడో దిగువన మరో తిప్పగా పెడుతుంది. ఆ కొత్త తిప్ప ఎవరిదన్నది వేరే తగాదా.

నది వెంట మనమూ క్రిందికి పోదాం. అవనిగడ్డ దగ్గర పులిగడ్డ అనే ఊరున్నది. ఇదీ జంతువు పేరే! ఇప్పుడక్కడ పులి లేదు. కాని చిత్రమేమంటే, ఎగువన నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం గుండానే ఈ నీళ్లు వస్తున్నవి. పులి త్రాగిన నీళ్లే పులిగడ్డకు చేరుతున్నాయన్నమాట. ఇక్కడ నది చీలుతుంది. ఆ చీలికల నడుమ ఉన్నదే దివిసీమ.

దివిసీమ కొసన, నది సముద్రంలో కలిసే చోట హంసలదీవి ఉన్నది. జనుల పాపాలు కడిగి కడిగి నల్లబడిన గంగ, కాకిరూపంలో వచ్చి ఇక్కడ మునిగి హంసగా మారిందని స్థలపురాణం. హంసల మాట ఎలా ఉన్నా, చలికాలంలో దూరపు ఉత్తరదేశాలనుంచి ఉల్లంకిజాతి పిట్టలు ఇక్కడి బురదనేలలకు వస్తాయి. పొడుగు ముక్కులతో బురదలో పొడిచి పురుగులు తింటూ ఎండాకాలందాకా ఉంటాయి.

ఇక్కడ రెల్లుగడ్డి చేసే పనిని మడచెట్లు చేస్తాయి. ఉప్పునీటిలో మామూలు చెట్టు చచ్చిపోతుంది. మడచెట్టు మాత్రం ఆ నీరే త్రాగి, ఎక్కువైన ఉప్పును ఆకులగుండా వెళ్లగొడుతుంది. ఎండలో ఆకును చూస్తే ఉప్పురవ్వలు మెరుస్తాయి, నాలుకకు రాసుకుంటే ఉప్పగా ఉంటుంది. అయితే తెలియని ఆకు ముట్టకండి. ఆ అడవిలోనే తిల్ల అనే చెట్టున్నది. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. బురదలో గాలి ఆడదు కనుక, మడచెట్టు వేళ్లను మేకుల్లాగా పైకి పంపి వాటితో ఊపిరి పీలుస్తుంది. ఆ మేకుల మధ్య పీతలు తిరుగుతుంటాయి. బురద చూసి పీత ఏ కన్నంలో ఉన్నదో చెప్పగల నేర్పు ఇక్కడి యానాదులకు ఉన్నది.

1989లో ఈ మడ అడవులను కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం 194 చదరపు కిలోమీటర్లకు పైన. ఇందులో రాజు నీటిపిల్లి. మన ఇంటిపిల్లికి రెట్టింపు ఉంటుంది, ఒంటిమీద వరుసగా నల్లమచ్చలు. పిల్లికి నీళ్లంటే గిట్టదని గదా మనం అనుకుంటాం! ఇది ఒడ్డున కూర్చుని, పంజాతో నీటిని మెల్లగా తట్టి, పురుగేదో పడిందనుకుని చేప పైకి రాగానే లాగుతుంది. కావాలంటే మునిగి ఈదుతుంది కూడా. దాని కాలివ్రేళ్ల నడుమ కొంతవరకు చర్మం ఉన్నది. ఒంటిమీది వెండ్రుకల కింద మరో దట్టమైన పొర ఉండి చర్మాన్ని తడవనివ్వదు. ప్రపంచంలోనే దీని సంఖ్య తగ్గుతున్నది. చిత్తడినేలలను చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మార్చినకొద్దీ దానికి చోటు తగ్గుతుంది.

1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన పడింది. సముద్రం అయిదారు మీటర్ల ఎత్తున లేచి ఊళ్లమీదికి వచ్చింది. పదివేలమందికి పైగా చనిపోయారు. ఆ కాలపువారు మీ ఇంట ఉంటే అడగండి, చెబుతారు. మడ అడవి ఉప్పెనను ఆపలేదు. కాని అలకు అడ్డం నిలిచి దాని బలాన్ని చీలుస్తుంది, నేలను పట్టి ఉంచుతుంది. అందుకే అటవీశాఖవారు ఖాళీ అయిన బురదనేలల్లో కాలువలు త్రవ్వి, ఉప్పునీరు పారేటట్టు చేసి, మడమొక్కలు నాటుతూ వచ్చారు.

అయితే ఇప్పుడు మూట దించే నది దగ్గర మూటే తక్కువైంది. 1967లో పూర్తయిన నాగార్జునసాగరం, తరువాత వచ్చిన శ్రీశైలం వంటి ఆనకట్టల వెనుకనే ఒండ్రు చాలావరకు ఆగిపోతున్నది. ఆనకట్టలు వద్దనడానికి లేదు, లక్షల ఎకరాలు వాటి నీటితోనే పండుతున్నవి. వచ్చిన కాస్త ఇసుకనూ ఇళ్లకోసం లారీలు ఎత్తుకుపోతున్నవి. సముద్రానికి మాత్రం ఇవేవీ తెలియవు, అది అలలతో రోజూ ఒడ్డును కొరుకుతూనే ఉంటుంది. వెనకటికి నది ఇచ్చేది ఎక్కువ, సముద్రం తినేది తక్కువ. ఇప్పుడు నాగాయలంక ప్రక్కన నాచుగుంట, ఎదురుమొండి దీవుల్లో ఆ లెక్క తిరగబడింది. ఒడ్డు కోసుకుపోతున్నది.

ఆ ఒడ్డుమీదికే ఏటా జనవరి మొదలు మార్చి దాకా రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కి వస్తాయి. ఇసుకలో గుంట తీసి, ఒక్కొక్కటి నూరు గుడ్ల దాకా పెట్టి, పూడ్చి, తిరిగి నీటిలోకి పోతుంది. నక్కలూ కుక్కలూ తినకుండా అటవీశాఖవారు ఆ గుడ్లను కంచె లోపల పాతిపెట్టి కాపాడతారు. ఏడెనిమిది వారాలకు అరచేతిలో పట్టే పిల్లలు బయటికి వస్తే తెల్లవారుజామున సముద్రంలో వదులుతారు. వాటిలో బ్రతికి పెద్దవైన ఆడతాబేళ్లు పది పదిహేను సంవత్సరాల తరువాత, తాము పుట్టిన తీరాన్నే వెదుక్కుంటూ గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటికి అప్పుడు కావలసినది, ఆటు పోట్లకు మునగని కాస్త ఇసుక.