మీకు తెలుసా? ప్రపంచ సైకిల్ యాత్రకు బీజం పడింది గనిలోనే!

సైకిల్ మీద భూమిని చుట్టి వచ్చిన మొట్టమొదటి మనిషి ఒకప్పటి గని కార్మికుడని మీకు తెలుసా? పేరు థామస్ స్టీవెన్స్. ఇంగ్లండులో పుట్టి, బతుకుదెరువు కోసం అమెరికా వెళ్లాడు. కొలరాడోలో ఒక గనిలో పనిచేస్తుండగా, ఆ దేశాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి సైకిల్ మీద దాటాలన్న ఆలోచన వచ్చింది. అప్పటికి ఆయనకు సైకిల్ తొక్కడమే రాదు. శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి, సైకిల్ కొని, అక్కడే నేర్చుకుని 1884 ఏప్రిల్ 22న బయల్దేరాడు. ముందు చక్రం 50 అంగుళాలు, వెనకది చిన్నది. గేర్లు లేవు, చైను కూడా లేదు. దారి బాగాలేని చోట దిగి నెట్టుకుంటూ నడిచాడు. వెంట తీసుకెళ్లిన సామాను చూడండి: కొన్ని సాక్సులు, ఇంకో చొక్కా, డేరాగానూ పక్కగానూ పనికొచ్చే ఒక వానకోటు, ఒక రివాల్వర్. ఆగస్టు 4న బోస్టన్ చేరాడు.

అక్కడితో ఆగలేదు. మరుసటి ఏడాది లివర్‌పూల్ నుంచి మళ్లీ మొదలుపెట్టి ఐరోపా, టర్కీ, ఇరాన్ దాటాడు. సైబీరియా మీదుగా వెళ్లడానికి రష్యా ఒప్పుకోలేదు. అఫ్గానిస్తాన్‌లో పట్టుకుని వెనక్కి పంపేశారు. చేసేది లేక ఓడలో కరాచీకి, రైల్లో లాహోర్‌కు వచ్చి, అక్కడి నుంచి గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద కలకత్తా దాకా తొక్కాడు. చివరికి 1886 డిసెంబరు 17న జపాన్‌లోని యోకహామాలో యాత్ర ముగించాడు. అనుమతుల తిప్పలు ఇవాళ్టివి కావన్నమాట.

ఆయన మన దేశంలో పెడల్ తొక్కిన ఆ 1886లోనే ఇల్లెందు ప్రాంతపు బొగ్గు తవ్వుకునే హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికొచ్చాయి. తర్వాత 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్‌గా నమోదైంది ఆ వారసత్వమే. మన గోదావరిఖనిలో బొగ్గు బాయిలు తెరిచింది మాత్రం ఇంకో నలభై ఏళ్లకు.

బాయి ముందు సైకిల్ స్టాండు నిండుగా ఉండే రోజులు మన పెద్దలకు బాగా గుర్తు. టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు తగిలించుకుని మొదటి షిఫ్టుకు పోయిన ఆ నల్ల సైకిల్ టైరు కొలత 28×1½. గేర్ల సైకిళ్ల టైర్లు ఏవీ ఆ రిమ్ముకు పట్టవు. దూరదేశాలకు పోయేవాళ్లు చాలామంది 26 అంగుళాల చక్రాన్ని ఎంచుకుంటారు. ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో చిన్న ఊళ్లో కూడా ఆ టైరూ ట్యూబూ దొరకడమే కారణం. ఫ్రేము ఉక్కుదైతే మేలు. విరిగితే దారిలో కనబడిన వెల్డింగ్ షాపులో అతికించుకోవచ్చు. అల్యూమినియానికి ఆ వీలు తక్కువ. ఖరీదైన సైకిలే కావాలన్న మాట నేను నమ్మను. గట్టి చక్రాలు, గట్టి క్యారియర్, మూడు గేర్లయినా సరే, చాలు.

విదేశీ యాత్రికుడి సైకిల్ మీద సామాను 20 నుంచి 30 కిలోల దాకా ఉంటుంది. జార్ఖండ్ బొగ్గు ప్రాంతాల్లో పొట్టకూటి కోసం సైకిల్‌కు బొగ్గు బస్తాలు కట్టి, ఘాట్ రోడ్ల మీద నెట్టుకుంటూ పోయేవాళ్లు మోసేది 200 కిలోల పైమాట. సైకిల్ ఎంత బరువు ఆపుతుందో చెప్పాలంటే వాళ్లను మించిన సాక్ష్యం లేదు. వాళ్లకు దక్కాల్సిన గౌరవం ఇంతవరకు దక్కలేదు.

తక్కువ డబ్బుతో ఎంత దూరం పోవచ్చు? ఒడిశాలో అంగుల్ జిల్లా ఉంది. మన రామగుండంలాగే బొగ్గు గనులు, ఎన్టీపీసీ ఉన్న జిల్లా. అక్కడి ఆఠమల్లిక్ ప్రాంతంలో దళిత కుటుంబంలో పుట్టిన ప్రద్యుమ్న కుమార్ మహానందియా ఢిల్లీలో చిత్రకళ చదువుకుంటూ, కన్నాట్‌ప్లేస్‌లో దారిన పోయేవాళ్ల బొమ్మలు గీసి బతికేవాడు. పది రూపాయలకు, పది నిమిషాల్లో బొమ్మ. అక్కడే స్వీడన్ అమ్మాయి షార్లెట్ పరిచయమైంది, మనువూ కుదిరింది. ఆమె స్వదేశం వెళ్లిపోయాక, విమానం టికెట్టుకు డబ్బుల్లేని ఆయన ఉన్నవన్నీ అమ్మి సైకిల్ కొన్నాడు. 1977 జనవరి 22న ఢిల్లీలో బయల్దేరి అఫ్గానిస్తాన్, ఇరాన్, టర్కీ మీదుగా ఐరోపా చేరాడు. దారి ఖర్చు ఎలా వెళ్లింది? బొమ్మలే. గీసి ఇస్తే కొందరు డబ్బులిచ్చారు, కొందరు అన్నం పెట్టారు, కొందరు పడుకోను చోటిచ్చారు. చివరి దూరం రైల్లో వెళ్లి స్వీడన్‌లో దిగాడు. తర్వాత అక్కడే బోరోస్ పట్టణంలో చిత్రకళ ఉపాధ్యాయుడిగా స్థిరపడ్డాడు. చేతిలో పని ఉన్నవాడికి పరాయి ఊళ్లో కూడా తిండి పుడుతుంది. వెల్డింగ్, వైరింగ్, ఫిట్టర్ పని తెలిసిన కుర్రాళ్లు రామగుండంలో వీధికి పదిమంది ఉన్నారు.

ఆయన వెళ్లిన రెండేళ్లకే, 1979లో, ఇరాన్ విప్లవంతోనూ అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనల రాకతోనూ ఆ దారి మూతపడింది.

అంతకు చాలా ముందే, 1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు ప్రపంచ యాత్రకు కదిలారు. ఆది హకీం, జల్ బాపసోలా, రుస్తుం భుంగరా అనే ముగ్గురు సుమారు 71,000 కిలోమీటర్లు పూర్తి చేసి 1928 మార్చిలో ఇల్లు చేరారు.

ఆడవాళ్ల మాటా చెప్పాలి. 1894లో బోస్టన్ నుంచి బయల్దేరిన ముగ్గురు బిడ్డల తల్లి ఆనీ కోప్చోవ్‌స్కీ ఖర్చులకు దారి ఎలా వెతికిందంటే, లండన్‌డెర్రీ అనే మంచినీళ్ల కంపెనీ ఇచ్చిన 100 డాలర్లకు తన ఇంటిపేరునే మార్చుకుంది! బట్టల మీదా సైకిల్ మీదా ప్రకటనలు తగిలించుకుని తిరిగింది.

ఇవాళ విమానం ఎక్కకుండా పోగలిగే పరదేశాల్లో నేపాల్ ఒకటి. రామగుండం నుంచి గోదావరి వంతెన దాటి మంచిర్యాల, ఆసిఫాబాద్, చంద్రాపూర్, నాగ్‌పూర్, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలి. సరిహద్దు దాటితే బుద్ధుడు పుట్టిన లుంబిని దగ్గరే. మనకు వీసా అక్కర్లేదు. కానీ ఆధార్ కార్డు చూపిస్తే సరిపోతుందనుకుంటే పొరపాటు. 15 నుంచి 65 ఏళ్ల లోపువాళ్లకు పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. మన 100 రూపాయలకు అక్కడ 160. ఈ రేటు 1993 నుంచి మారలేదు. మోటారు బండి తీసుకెళ్తే రోజుల లెక్కన పన్ను కట్టాలి. సైకిల్‌కు రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్సు లేదు, పెట్రోలు లేదు.

విమానం ఎక్కి ఇంకా దూరం పోవాలనుకుంటే వియత్నాం ఉంది. అక్కడి ఈ-వీసా 90 రోజులకు ఇస్తారు, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. విమానంలో సైకిల్ ఎలా అంటారా? సైకిల్ షాపులో అడగండి. గేర్ల సైకిళ్లు వచ్చిన అట్టపెట్టెలు మూలన పడి ఉంటాయి. పెడళ్లు విప్పడానికి 15 నంబరు పానా కావాలి. ఇక్కడే చాలామంది తికమక పడతారు. కుడి పెడల్ మామూలుగానే వదులవుతుంది, ఎడమ పెడల్ మర మాత్రం తిరగబడి ఉంటుంది. తొక్కేకొద్దీ ఊడిపోకుండా చేసిన ఏర్పాటు అది. పానాను నిటారుగా నిలబెట్టి వెనక చక్రం వైపు లాగితే రెండు పెడళ్లూ వదులవుతాయి. తెలియక ఎడమదాన్ని బలంగా తప్పువైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. పవర్‌బ్యాంకు ఆ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

మన ఎండల్లో సాధన చేసేవాళ్లు తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ఇల్లు చేరాలి. మేలో మధ్యాహ్నం తొక్కడం ధైర్యం కాదు, వడదెబ్బకు పిలుపు. దూరం అలవాటు కావాలంటే హైదరాబాద్ రాండనర్స్ నడిపే 200 కిలోమీటర్ల రైడ్‌లో ఒకసారి పాల్గొనండి. రోజంతా జీను మీద కూర్చోవడం ఏమిటో అక్కడ తెలుస్తుంది.

36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు ఫీజు 1,500 రూపాయలు. పెద్దలకు పదేళ్లు చెల్లుతుంది. వెళ్లాలన్న కోరిక ఉన్నవాళ్లు సైకిల్ కొనేకన్నా ముందు, ఈ నెల జీతంలోంచి ఆ డబ్బు తీసి దరఖాస్తు చేసుకోండి.