మొదటి పీరియడు మనది కావాలి

వార్షికోత్సవ సంచిక అంటే ఆటల పోటీల విజేతల ఫొటోలు, పదో తరగతి ఫలితాలు ఉండడం మామూలే. ఈసారి మా అభ్యసన కమిటీ ఇంకో విషయం కూడా రాయాలనుకుంది. ఈ విద్యా సంవత్సరం జూన్‌లో మన వసతిగృహంలో ఆరు నుంచి పదో తరగతి వరకు ఒక అభ్యసన కార్యక్రమం ప్రారంభించుకున్నాం. అది ఎందుకు మొదలైంది, బడికి వేళకు వెళ్ళడానికీ దానికీ సంబంధం ఏమిటి అన్నది ఇక్కడి తమ్ముళ్ళకూ, ఉద్యోగాల్లో దూరంగా ఉన్న అన్నలకూ చెప్పడమే మా ఉద్దేశం.

ఆరో తరగతిలో మారేదేమిటి?

ఊళ్ళో ప్రాథమిక పాఠశాలలో ఒకరిద్దరు టీచర్లే అన్ని పాఠాలూ చెప్తారు. పొద్దున ఆలస్యంగా వెళ్ళినవాడికి అదే లెక్క మధ్యాహ్నం మళ్ళీ చెప్పే వీలుంటుంది. హైస్కూల్లో అలా కుదరదు. సబ్జెక్టుకో టీచరు, బెల్లుకో పాఠం. బెల్లు కొట్టగానే లెక్కల మాస్టారు ఇంకో తరగతికి వెళ్ళిపోతారు. ఆయన మళ్ళీ వచ్చేది రేపే. రేపటి పాఠం ఈ రోజు పాఠం మీద ఆధారపడి ఉంటుంది.

మనలో చాలామందికి ఈ మార్పుతో పాటే మరో మార్పు కూడా వస్తుంది. పదకొండేళ్ళ వయసులో ట్రంకు పెట్టె పట్టుకుని అమ్మను వదిలి హాస్టలుకు వస్తాం. పొద్దున్నే లేపి, తల దువ్వి బడికి తరిమేవాళ్ళు ఇక్కడ ఉండరు. వేళ అనేది మొదటిసారి మన చేతికి వస్తుంది.

హాజరు పట్టీ చెప్పని లెక్క

విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 గంటల బోధన ఉండాలి. ఒక విద్యార్థి ఒక్క రోజు కూడా మానకుండా, రోజూ మొదటి పీరియడులో 15 నిమిషాలు మాత్రం పోగొట్టుకున్నాడనుకుందాం. 220 రోజులకు 3300 నిమిషాలు, అంటే 55 గంటలు. 45 నిమిషాల పీరియడ్లుగా లెక్కేస్తే 73. రోజుకో లెక్కల పీరియడు చొప్పున చూస్తే పన్నెండు వారాల పాఠం. దాదాపు మూడు నెలలు! అయినా హాజరు పట్టీలో ఆ పిల్లవాడికి నూటికి నూరు శాతం ఉంటుంది. పట్టీ మనం వచ్చామా లేదా అనే చూస్తుంది, పాఠం అందిందా లేదా అని చూడదు.

ఆలస్యానికి కారణాలు

బద్ధకమే కారణమని మొదట్లో మేమూ అనుకున్నాం. రెండు వారాల పాటు ఒక నోటుబుక్కు పెట్టి, ఆలస్యమైన ప్రతివాడినీ తిట్టకుండా కారణం అడిగి రాశాం. అందరూ ఒకేసారి లేచి కుళాయిల దగ్గర వరస కట్టడం, కరెంటు పోయి మోటారు ఆడకపోవడం, ఉప్మా దిగేసరికి ఎనిమిదిన్నర కావడం, ఉతికిన యూనిఫాం ఆరకపోవడం, చెప్పు తెగిపోవడం వంటివే ఎక్కువ కనిపించాయి.

అయితే చివరి పేజీల్లో తేలిన కారణం మమ్మల్ని ఆలోచనలో పడేసింది. కొందరు అన్నీ సిద్ధంగా ఉండి కూడా కావాలనే వెనక నడుస్తున్నారు. మొదటి పీరియడు లెక్కలు. బోర్డు దగ్గరికి పిలిస్తే భాగహారం రాదు, అందరూ నవ్వుతారు. దానికన్నా గేటు బయట నిలబడడమే నయమనుకుంటున్నారు. ఆలస్యం వల్ల లెక్కలు రాలేదు, లెక్కలు రాకపోవడం వల్ల ఆలస్యం చేస్తున్నారు. అంతకు ముందు ఏడాది మాలో ఒకడు ఇలాగే వెనక నడిచి, వెనక నడిచి, తొమ్మిదో తరగతి మధ్యలో ఊరికి వెళ్ళి మళ్ళీ రాలేదు. వాడిని కూడా మేము బద్ధకస్తుడనే అన్నాం. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

మేము చేసినది

అందుకే రెండు పనులూ కలిపి మొదలుపెట్టాం. మొదటి వారంలో ప్రతివాడి చేత ఒక తెలుగు పేరా, నాలుగు ఇంగ్లీషు వాక్యాలు చదివించాం. తీసివేత, భాగహారం, భిన్నాలు చేయించాం. తరగతిని బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి మూడు జట్లు చేశాం. సాయంత్రం స్టడీ అవర్‌లో మొదటి గంట జట్టు పాఠం, తరువాత హోంవర్కు. తొమ్మిదో తరగతివాడు ఆరో తరగతి పిల్లల పక్కన కూర్చోవడానికి మొహమాటపడ్డాడు. దానికో ఉపాయం దొరికింది. ఈ వారం వాడు నేర్చుకున్నది వచ్చే వారం వాడే చిన్నవాళ్ళకు చెప్పాలి. అప్పటి నుంచి కూర్చోవడం నామోషీ కాలేదు.

ఇక వేళ సంగతి. వార్డెన్ గారి అనుమతితో ట్యాంకు రాత్రే నింపుతున్నాం. స్నానాలకు మూడు విడతలు పెట్టుకున్నాం. వంట మాస్టారు ఏడున్నరకల్లా టిఫిను దింపుతున్నారు. ఎనిమిదిన్నరకు పెద్దవాడొకడు, చిన్నవాళ్ళు నలుగురు చొప్పున జట్లుగా బయలుదేరుతున్నాం. వెనకబడినవాడి పేరు బోర్డు మీద రాయడం మానేశాం. వాడి జట్టు పెద్దే ఆగి వాడిని వెంటబెట్టుకు వెళ్తాడు.

మిగిలిన పని

అంతా చక్కబడిందని చెప్పడం లేదు. వాన పడితే ఇప్పటికీ ఆలస్యమే. సంక్రాంతికి వెళ్ళినవాళ్ళలో కొందరు మిరప కోతలకు ఆగిపోతారు. ఇంట్లో అవసరం మాకు తెలియనిది కాదు. అయినా సెలవులు అయిన మర్నాడే వాళ్ళ నాన్నలకు ఫోను చేసి, ఏ పాఠం నడుస్తోందో చెప్పి, ఎప్పుడు వస్తాడో అడగాలని నిర్ణయించాం.

తమ్ముళ్ళూ! రేపు ఇంటర్‌లో పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనానికి 75 శాతం హాజరు షరతు ఉంటుంది. ఆ అలవాటు అప్పటికప్పుడు రాదు, ఆరో తరగతిలోనే పడాలి.

అన్నలకు ఒక మనవి. డాక్టర్ అంబేద్కర్ 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించి, మరుసటి ఏడాదే షోలాపూర్‌లో విద్యార్థుల వసతిగృహం తెరిపించారు. చదువు అందాలంటే బడికి దగ్గరలో తిండి, నీడ ఉండాలని ఆయనకు తెలుసు. ఆ తిండీ నీడా మీకూ మాకూ దక్కాయి. నెలకు ఒక్క ఆదివారం వచ్చి ఒక జట్టుకు ఒక గంట పాఠం చెప్పండి. డబ్బు కన్నా మాకు అదే ఎక్కువ.

బోర్డు దగ్గరికి పిలిస్తే భయపడకుండా లేచే పిల్లవాడు బడికి ఆలస్యం చేయడు. అలా లేచేవాళ్ళు మన హాస్టల్లో ఒక్కొక్కరే పెరుగుతున్నారు.

– అభ్యసన కమిటీ