పిండి కాని పిండి

"సార్! మా నానమ్మ పొద్దుట్నుంచి నాలుగుసార్లు 'అన్నం తిన్నావా?' అని అడిగింది. విసుక్కున్నాను. అది జబ్బని డాక్టరుగారు చెప్పాక ఏడుపొచ్చింది. ఏమిటి సార్ ఆ జబ్బు?"

సోమాజిగూడలో తొమ్మిదో తరగతి అమ్మాయి నన్నడిగిన ప్రశ్న ఇది. జవాబు మీకూ పనికొస్తుంది, వినండి.

కూరలో ఉప్పు వేయడం మరచిపోతే అది మామూలు మరపే. యాభై ఏళ్లుగా వండుతున్న కూర ఎలా వండాలో తెలియకపోతే మాత్రం జబ్బేమోనని అనుమానించాలి. ఇలాంటి జబ్బుల్లో ముఖ్యమైనది అల్జైమర్ వ్యాధి. జర్మన్ వైద్యుడు అలాయిస్ అల్జైమర్ 1906లో, చనిపోయిన ఒక రోగి మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. నాడీకణాల వెలుపల మచ్చల్లాంటి గడ్డలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. ఆ గడ్డల్లో ఉండేది అమిలాయిడ్. ఆ పోగుల్లో ఉండేది 'టౌ' అనే మరో మాంసకృత్తి.

అమిలాయిడ్ అంటే 'పిండిలాంటిది' అని అర్థం. బంగాళాదుంప ముక్క మీద అయొడిన్ చుక్క వేస్తే నల్లని నీలిరంగు వస్తుంది కదూ! 1854లో విర్కో అనే శాస్త్రజ్ఞుడు శరీరంలోని కొన్ని ముద్దలు అయొడిన్‌తో రంగు మారడం చూసి, అవి పిండిపదార్థమే అనుకుని ఆ పేరు పెట్టాడు. 1859లో ఫ్రీడ్రిక్, కెకూలె రసాయన పరీక్ష చేసి, అది పిండి కాదు, మాంసకృత్తి జాతిదని తేల్చారు. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది!

మరి అది మెదడులోకి ఎలా వస్తుంది? బయటినుంచి రాదు. నాడీకణం పొరలో ఒక పొడవాటి మాంసకృత్తి ఉంటుంది. రెండు ఎంజైములు దాన్ని కత్తెరల్లా రెండు చోట్ల కత్తిరిస్తాయి. మధ్యలో ఊడే చిన్న ముక్కే బీటా అమిలాయిడ్. అందులో సుమారు 40 అమైనో ఆమ్లాలుంటాయి. 42 ఉన్న ముక్కకు అతుక్కునే గుణం ఎక్కువ. ఈ ముక్కలు మీ మెదడులోనూ, నా మెదడులోనూ తయారవుతూనే ఉంటాయి, ఎప్పటికప్పుడు తొలగిపోతుంటాయి. తయారీ ఎక్కువైనా, తొలగింపు మందగించినా నాలాలో చెత్తలా పేరుకుంటాయి. దీని జన్యువు 21వ క్రోమోజోము మీద ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి ఆ క్రోమోజోములు మూడుంటాయి. అందుకే వారిలో ఈ గడ్డలు చిన్న వయసులోనే ఏర్పడతాయి.

అయితే అమిలాయిడ్ ఒక్కటే దోషి కాదు. మెదడులో గడ్డలున్నా చక్కగా గుర్తుంచుకునే వృద్ధులున్నారు. ఇక్కడే మన ఊరి పరిశోధన ఒకటి చెప్పాలి. పంజాగుట్టలోని నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం, మతిక్షీణత ఉన్న 648 మంది వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష వచ్చిన వారికంటే, రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించింది! భాషలు అమిలాయిడ్‌ను కడిగేస్తాయని కాదు. వాటివల్ల మెదడుకు తట్టుకునే శక్తి పెరుగుతుందేమోనని శాస్త్రజ్ఞుల ఊహ.

మందుల మాటేమిటి? అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్‌కు 2023లో అమెరికా పూర్తి ఆమోదం ఇచ్చింది. 18 నెలల పరీక్షలో అది తొలిదశ రోగుల క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసింది. ఆపలేదు, నయమూ చేయలేదు. కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం కలిగే ప్రమాదమూ ఉంది.

ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. అన్నం మెతుకు మీద, ఉడికిన గుడ్డు తెల్లసొన మీద చెరొక చుక్క అయొడిన్ వేయండి. ఏది నీలంగా మారిందో, ఏది మారలేదో చూడండి.

ఇక నానమ్మ ఐదోసారి అడిగితే? ఆమెకు అది మొదటిసారే. "తిన్నాను నానమ్మా, మరి నువ్వో?" అనండి.